జంట ముళ్ళు

ఎర్ర లైటు!

కనిపించింది... మలుపులో మళ్ళీ మాయమైంది.

దావీదు యాక్సిలరేటర్‌ను కిందకంటా తొక్కుతాడు. మేకలు తోలే బొలెరో గుంటలో పడి లేస్తుంది. వెనక ఖాళీ ట్రాలీలో గొలుసులు గలగలమంటాయి.

ముందు బైకు. బైకు మీద గోపి. మధ్యలో రెండు వందల గజాలు.

సన్నటి తుంపర. బండికి ఉన్న రెండు వైపర్లలో ఒకటే పనిచేస్తుంది. అదీ డ్రైవరు ముందున్నది కాదు!

టైము ఏడూ ఇరవై ఎనిమిది.

భార్య ఎలీషబాను రక్తపింజరి కరిచింది ఐదూ పదికి.

రెండు గంటలా పద్దెనిమిది నిమిషాలు.

దావీదు మేకల వ్యాపారి. రాచర్ల సంతలో మేకను రెండు చేతులతో లేపి చూసి, కిలో అటూ ఇటూ కాకుండా బరువు చెప్పేస్తాడు. కంటితో కొలవడం, మనసులో కూడడం, తీసెయ్యడం... ఇరవై ఏళ్ళుగా అదే పని. ఇప్పుడు ఎన్నిసార్లు కూడినా ఒకటే లెక్క తేలుతోంది.

ఆ రెండు గంటలా పద్దెనిమిది నిమిషాల్లో ఎలీషబాకు పనికొచ్చిన నిమిషం ఒక్కటి కూడా లేదు.

ఒక్కటి కూడా!

దావీదు స్టీరింగ్ మీద గుద్దుతాడు. హారన్ కూడా మోగదు.

*

అతను చేయవలసినవన్నీ చేశాడు. మంటంతా అక్కడే ఉంది.

కందిచేను గట్టు మీద ఎలీషబా మేకపిల్లను విప్పబోయింది. గడ్డిలో కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. మరుక్షణం మడమ పైన నిప్పు పెట్టినట్టయింది. ఒళ్ళంతా గొలుసు మచ్చలున్న పాము గట్టు దిగి పోవడం దావీదు కళ్ళారా చూశాడు. దాన్ని చంపడానికి ఆగలేదు. కాలికి గుడ్డ బిగించలేదు. గాటును కోయలేదు. నాటు మందు పేరెత్తిన పక్కచేను వాళ్ళను పక్కకు నెట్టి, ఆమెను బండిలో పడుకోబెట్టి, కాలు కదపొద్దని చెప్పి బయలుదేరాడు.

మార్కాపురం పోయే దారిలో వాగు పొంగింది.

మూడు రోజుల వాన. కల్వర్టు మీద నడుము లోతు నీళ్ళు. అవతలి గట్టున అంబులెన్సు. ఇవతలి గట్టున దావీదు. మధ్యలో ఎర్రటి నీళ్ళు... దాని వెనక మసక మసకగా మార్కాపురం లైట్లు!

ఇవతల ఉన్నది రాళ్ళమిట్ట ఒక్కటే. ఆ ఊళ్ళో మూడు మంచాల ఆశా క్లినిక్. వారానికి మూడు రోజులు వచ్చే డాక్టర్ అరుణ ఈ రోజు అవతలి గట్టు మనిషి, ఫోన్లోనే దొరికింది. క్లినిక్‌లో ఉన్నది ఇద్దరు. కొత్తగా చేరిన నర్సు సుప్రియ. నాలుగేళ్ళుగా మందుల బీరువా తాళం మొలకు కట్టుకుని తిరిగే కాంపౌండర్ గోపి.

సుప్రియ ఎలీషబా చేతి నుంచి కొంచెం రక్తం తీసి, కొత్త గాజు గొట్టంలో పోసి, కిటికీలో నిలబెట్టింది. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదంది. గడ్డకడితే దేవుడి దయ. గడ్డకట్టకపోతే విషం లోపల పని మొదలుపెట్టినట్టు.

ఇరవై నిమిషాలు ఒక గొట్టాన్ని చూస్తూ కూర్చోవడం! దావీదుకు జీవితంలో అంత పొడవైన ఇరవై నిమిషాలు రాలేదు.

సుప్రియ గొట్టాన్ని ఒకే ఒక్కసారి వంచింది.

రక్తం చారులా జారింది.

డాక్టరమ్మ ఫోన్లో పది సీసాల విరుగుడు ఎక్కించమంది. భయపడుతున్న దావీదుకు అతని భాషలోనే చెప్పింది. విషం అంటే ఒక్క సరుకు కాదట. చాలా రకాలు కలిపి కట్టిన మూట. ఒకటి కండను కరిగిస్తుంది. ఒకటి సన్నటి రక్తనాళాల గోడలు కొరుకుతుంది. ఒకటి మూత్రపిండాల మీద పడుతుంది. అన్నిటికంటే జిత్తులమారిది ఇంకొకటి. అది రక్తాన్ని పలచన చేయదు. గడ్డకట్టించే సరుకును పనిలేని చోటల్లా ఖర్చు పెట్టిస్తుంది. కంటికి కనిపించని చిన్నచిన్న గడ్డలు ఒళ్ళంతా కట్టించి, కరిగించి, గోడౌన్ ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత చిన్న గీత పడినా ఆపడానికి లోపల ఏమీ మిగలదు.

"విరుగుడు ఆ మూటను పట్టి కట్టేస్తుంది దావీదూ. కానీ ఖాళీ అయిన గోడౌన్‌ను అది నింపదు. అది నింపుకోవాల్సింది మనిషి ఒళ్ళే. అందుకే ఎంత ముందు ఎక్కిస్తే అంత మంచిది."

పది సీసాలు కలిపింది గోపి. ఆ పని గోపి ఇంకెవరికీ ఇవ్వడు. తెల్లటి పొడి ఉన్న సీసాలో నీళ్ళు కొట్టడం, గబగబా ఊపడం, సెలైన్‌లో కలపడం. సీసాకు అర నిమిషం కూడా పట్టలేదు. వాడి చేతి వేగం చూసి దావీదు మెచ్చుకున్నాడు కూడా!

పదో సీసా దిగింది. ఎలీషబా కాలు మోకాలి దాకా ఉబ్బింది. ఏడూ పదికి ఆమె పళ్ళ సందుల్లో ఎర్రటి గీత.

"ఏమయ్యా... నోరు ఉప్పగా ఉంది," అంది.

అప్పుడు దావీదుకు ఒక చిన్న సంగతి గుర్తొచ్చింది. తల్లి లేని మేకపిల్లలకు అతను రోజూ పాలపొడి కలుపుతాడు. పాలపొడిని ఊపితే నురగ కడుతుంది. ఉండలు కడుతుంది. ఓపిక కావాలి. ఊపగానే మంచినీళ్ళలా తేరేది గ్లూకోజు పొడి ఒక్కటే.

"ఏంది పాపా, ఈ మందుకు నురగ రాదా?" అని సుప్రియను మామూలుగానే అడిగాడు.

సుప్రియ ముఖంలో నెత్తురు లేదు.

ట్రైనింగులో ఆమె చేత్తో కలిపిన మందు వేరు. గుర్రానికి కొంచెం కొంచెం విషం ఎక్కించి, దాని రక్తం నుంచి తీసి, ఎండబెట్టిన మందు. ఊపకూడదు, ఊపితే అంతా నురగే. రెండు అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. కరగడానికి ఐదు నిమిషాలు, పది నిమిషాలు.

"మామా... ఇది మందు కాదు. అత్తకు మనం చక్కెర నీళ్ళెక్కించినాం."

బయట బైకు స్టార్టయింది.

*

బ్రేకు లైటు!

గోపి తారు రోడ్డు దిగాడు. పాత పలకల క్వారీ దారి!

దావీదు స్టీరింగ్ తిప్పుతాడు. బొలెరో పక్కకు వాలి, మళ్ళీ చక్రాల మీద పడుతుంది. రెండు వైపులా నల్లతుమ్మ చెట్లు. కొమ్మలు అద్దాన్ని గీస్తున్నాయి.

క్వారీ అవతల అడవి దారి ఉంది. బైకు పోతుంది. బొలెరో పోదు. గోపి అక్కడికి చేరితే యర్రగొండపాలెం వైపు నల్లమల అంచుల్లో కలిసిపోతాడు.

కానీ ముందు వాడు షెడ్డు దగ్గర ఆగుతాడు. ఆగక తప్పదు. సుప్రియ పరుగున వచ్చి బండి అద్దంలోంచి చెప్పింది అదే. ప్రతి శనివారం గోపి క్లినిక్ నుంచి డబ్బా ఒకటి పట్టుకుని పలకల షెడ్డుకు పోతాడని. మూతపడిన షెడ్డు వాళ్ళ మేనమామదని. అసలు సీసాలు ఉంటే అక్కడే ఉండాలని.

ఉంటే.

ఆ ఒక్క మాట దావీదు పంటి కింద రాయిలా ఉంది.

కిందటి నెల చిన్నమల్లయ్య చనిపోయాడు. అడవిలో కుంకుడుకాయలు ఏరుకునే మనిషి. అదే పాము. అదే క్లినిక్. ఇరవై సీసాలు ఎక్కించినా దక్కలేదన్నారు. మందుకు లొంగని విషం అన్నారు. చిన్నమల్లయ్య భార్య నాగులమ్మ నేల మీద పడి ఏడుస్తుంటే, దావీదే పక్కన కూర్చుని ఆయుష్షు తీరిందని ఓదార్చాడు.

ఆయుష్షు కాదు. గ్లూకోజు!

షెడ్డు.

బైకు పడి ఉంది. చక్రం ఇంకా తిరుగుతోంది. ఇనప తలుపు తెరిచి ఉంది. తాళంచెవి తాళానికే వేలాడుతోంది.

దావీదు బొలెరోను తలుపు ముందు అడ్డంగా ఆపుతాడు. సీటు కింద నుంచి మేకల కర్ర లాగుతాడు. దిగుతాడు.

లోపల గోపి మొబైల్ లైటుతో వంగి ఉన్నాడు. బొలెరో చప్పుడుకు టక్కున లేచాడు. ఏ దొంతర దగ్గర వంగి ఉన్నాడో చీకట్లో దావీదు పోల్చుకోలేకపోయాడు.

అర నిమిషం ముందు వచ్చి ఉంటే!

రెండు అడుగుల్లో చేరి గోపి చేతిలోని ఫోన్ లాక్కుంటాడు. గోపి తిరగబడడు. తీరిగ్గా ఒక పలకల దొంతర మీద కూర్చుని కాళ్ళు వేలాడదీస్తాడు. పక్కనే ఒక అట్టపెట్టె. దాన్నిండా విరుగుడు సీసాలు, మీద చక్కటి లేబుళ్ళు.

దావీదు ఒకటి తీసి లైటు పెట్టి ఊపి చూస్తాడు. పొడి గలగలా కదులుతుంది. చక్కెర!

"అసలువి యాడ పెట్టినావురా?"

"ఏమసలువి? అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. నాకేం తెలుసు దావీదన్నా?"

"తెలీకపోతే యాడికి పరిగెత్తినావు?"

"నువ్వు ఎంబడి పడితే పరిగెత్తినా."

దావీదు వాడి చొక్కా పట్టుకుని లేపుతాడు. రెండు దెబ్బలు వేస్తాడు. గోపి పెదవి చిట్లుతుంది. రక్తం వస్తుంది. వెంటనే ఆగుతుంది కూడా. దావీదు ఆ ఆగిన రక్తాన్నే చూస్తాడు. వీడి గోడౌన్ నిండుగా ఉంది!

గోపి పెదవి తుడుచుకుని, మళ్ళీ దొంతర మీదే కూర్చుంటాడు. వాడికి లెక్క తెలుసు. మందు ఇస్తే చిన్నమల్లయ్య చావు మెడకు చుట్టుకుంటుంది. ఇవ్వకపోతే ఎవరూ ఏమీ రుజువు చేయలేరు. వాడు దావీదు కళ్ళలోకే చూసి చెబుతాడు.

"వెతుక్కోన్నా. ఈ షెడ్డులో నలభై వేల పలకలున్నాయి. నీకెన్ని నిమిషాలున్నాయి?"

దావీదు లైటు తిప్పుతాడు.

నడుమెత్తు దొంతరలు. గోతాల కట్టలు. దొంతర వెనక దొంతర. వరుస వెనక వరుస. ఫోన్ వెలుగు గోడ దాకా అందదు. ఒక వరుస కూలుస్తాడు. పలకలు భళ్ళున పగులుతాయి. కింద నేల. రెండో వరుస. కింద నేల!

టైము ఏడూ యాభై మూడు.

సుప్రియ ఫోన్. ముక్కులోంచి కూడా మొదలైందట. డాక్టరమ్మ పది సీసాలు తక్కువ కాకూడదంటోందట. కానిస్టేబుల్ కోటయ్య అవతలి గట్టున ఉన్నాడట. తెల్లవారేలోపు వాగు తీసేలా లేదని, వాడిని మాత్రం వదలొద్దని చెప్పమన్నాడట.

అందరూ చెప్పేవాళ్ళే. అవతలి గట్టు నుంచి!

దావీదు ఫోన్ నాలుగు శాతం చార్జింగ్ చూపిస్తోంది.

అతను పలకలు కూల్చడం ఆపేస్తాడు. నిలబడి ఆలోచిస్తాడు. సంతలో మేక అసలు ధర అమ్మేవాడి నోట రావాలంటే ఏం చేయాలి? వాడికే అవసరం పుట్టించాలి. అవసరం పుట్టిన నిమిషం వాడే చెబుతాడు.

వీడికి ఏ అవసరం పుడితే వీడే ఆ సీసాల దగ్గరికి పరిగెడతాడు?

దావీదు కర్ర పట్టుకుని బయటికి నడుస్తాడు. బొలెరోలో టార్చి ఉందని గోపికి వినపడేలా గొణుగుతాడు. తలుపు దగ్గరికి వేస్తాడు.

నల్లతుమ్మ ముల్లు ఒంటరిగా పుట్టదు. కణుపు కణుపుకూ జంట. తెల్లగా, సూదిలా, వేలంత పొడవు. చీకట్లో తడిమి, ఒక రెమ్మ విరుస్తాడు. పక్కపక్కన రెండు ముళ్ళు. మొనల మధ్య వేళ్ళు పెట్టి చూస్తాడు. రెండు వేళ్ళ ఎడం. పాము కోరల కంటే ఎక్కువే. చీకట్లో కొలిచేదెవరు?

మేకల తాడు పీచుతో రెమ్మను కర్ర కొసకు కడతాడు. రెండు ముడులు.

లోపలికి వస్తాడు. టార్చి పాడైందని తిడతాడు. చేతిలోని గోపి ఫోన్ లైటు కూడా ఆర్పేస్తాడు, చార్జింగ్ అయిపోయినట్టు.

చిమ్మచీకటి.

"ఏందన్నా, ఎక్కడున్నావు?" గోపి గొంతులో మొదటిసారి చిన్న వణుకు.

 దావీదు చెప్పులు విప్పి, దొంతర వెనకనుంచి వంగి నడుస్తాడు. గోపి కాళ్ళు వేలాడుతున్న చోటు అతనికి కొలత ప్రకారం తెలుసు. దొంతర చివర గోతాల కుప్ప. దాని పక్కన కాళ్ళు.

కర్ర కొస చాపుతాడు. ఒక మూర... ఇంకొక జానెడు...

పొడుస్తాడు.

మెత్తగా దిగింది.

ఒక్క క్షణం... షెడ్డు అదిరేలా కేక!

"అన్నా... ఏందో కరిచిందన్నా... లైటెయ్యి..."

దావీదు లెక్కపెట్టుకుంటాడు. ఒకటి... రెండు... మూడు... అప్పుడు తన చేతిలో ఉన్న గోపి ఫోన్‌కు లైటు వేస్తాడు.

గోపి నేల మీద పడి పాదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. చీలమండ పైన రెండు ఎర్ర చుక్కలు. పక్కపక్కనే. ఒక్కో చుక్కకు ఒక్కో రక్తపు బొట్టు.

పని కుదిరింది!

"పింజరే. గోతాల కిందికి పోయింది, తోక చూసినా," అంటాడు దావీదు. గొంతు తడబడకుండా అబద్ధం చెప్పడం అతనికి సంత నేర్పిన విద్య.

"బుస విన్నా అన్నా... బుస విన్నా..."

దావీదుకు నవ్వొస్తుంది. నోటితో బుసకొట్టాలని అనుకున్నాడు గానీ, గోపి కేక ముందే వచ్చింది. అవసరమే రాలేదు. భయం ఏది కావాలంటే అది వినిపిస్తుంది.

"మీ క్లినిక్‌కు తీసకపోదాం పా. పెట్టెలో ముప్పై సీసాలున్నాయి గదా. పది ఎక్కిద్దాం," అంటాడు పెట్టె చూపిస్తూ.

గోపి తల అడ్డంగా ఊపుతాడు. ఊపుతూనే ఉంటాడు. వాడి కళ్ళ ముందు పది గ్లూకోజు సీసాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. వాడి చేతులే కలిపినవి.

"అవి కాదన్నా... అవి కాదు. తూర్పు గోడ. మూడో దొంతర. పై పలకల వరుస తీస్తే బిస్కెట్ డబ్బా ఉంది. తొందరగా..."

దావీదు అప్పటికే తూర్పు గోడ దగ్గరున్నాడు.

డబ్బా. మూత తీస్తాడు. పదకొండు సీసాలు. ఊపడు. ఒకదాన్ని మెల్లగా వంచి లైటులో చూస్తాడు. చక్కెరలా గలగల లేదు. అడుగున అతుక్కున్న తెల్లటి బిళ్ళ.

"ఇంతేనా?"

"మిగతావి పోయినాయన్నా. అమ్మేసినా. ఏసు ప్రభువు మీద ఒట్టు."

"నా ప్రభువు మీద నువ్వెందుకురా ఒట్టేస్తావు," అని దావీదు డబ్బా చంకలో పెట్టుకుంటాడు.

గోపి ఒంటికాలి మీద లేస్తాడు. సగం సగం ఎక్కిద్దామంటాడు. తనకు ఐదు, వదినకు ఆరు. కాళ్ళు పట్టుకుంటానంటాడు. జైలుకైనా పోతానంటాడు. చిన్నమల్లయ్య పేరు కూడా వాడే ఎత్తుతాడు.

దావీదు తలుపు దగ్గర ఆగుతాడు.

వెంటనే చెప్పకుండా ఇంకో నిమిషం వాడిని ఏడిపించాలని ఉంది. కానీ నిమిషాలు ఎలీషబావి.

"అది పాము కాదురా. నల్లతుమ్మ ముల్లు. నేను పొడిచినా."



"ముల్లా?"

"ముల్లే."

గోపి కాలు చూసుకుంటాడు. దావీదును చూస్తాడు. నేల మీద కూలబడి, వగరుస్తూ, నవ్వుతాడు. ఏడుపులోంచి వచ్చిన నవ్వు. చచ్చి బతికినవాడి నవ్వు.

"మేకలోడి తెలివి... నీ తెలివి తగలెయ్యా దావీదన్నా," అంటాడు. "మంట మాత్రం చంపుతోంది."

"తుమ్మ ముల్లు మండక ఏం చేస్తుంది?"

ఇనప తలుపు మూసుకుంటుంది. తాళం. చెవి జేబులోకి. గోపి ఫోన్ ఇంకో జేబులోకి... ఎవరికీ కబురు పంపకుండా. తెల్లారి కోటయ్య వచ్చి తీస్తాడు.

చేతి గడియారంలో ఎనిమిదీ ఐదు.

*

ఎనిమిదీ ఇరవై. క్లినిక్.

సుప్రియ నీళ్ళు కొడుతుంది. సీసాను అరచేతుల మధ్య పెట్టి మెల్లగా తిప్పుతుంది. ఒక నిమిషం. బిళ్ళ కరగదు. రెండు నిమిషాలు. దావీదుకు సీసా లాక్కుని ఊపాలనిపిస్తుంది. చేతులు చంకల్లో పెట్టుకుంటాడు.

నాలుగు నిమిషాలు. అంచున సన్నటి నురగ.

సుప్రియ కళ్ళలో నీళ్ళు. "మందే మామా."

దావీదు కూడా ఒక సీసా తీసుకుని తిప్పుతాడు. పది సీసాలు. ఇద్దరి నాలుగు అరచేతులు. తొమ్మిది గంటలకు మొదటి సెలైన్ సగం దిగింది. డాక్టరమ్మ ఫోన్లోనే ఉంది. దద్దుర్లు వస్తున్నాయా, ఊపిరి ఆడుతోందా అని అడుగుతూనే ఉంది. పదకొండోది వాడొద్దని, చేతిలో ఉంచుకోమని చెప్పింది. రాత్రికి మళ్ళీ గాజు గొట్టం పెట్టి చూడాలి. అవసరం పడవచ్చు.

తొమ్మిదిన్నరకు సుప్రియ దూదితో ఎలీషబా చిగుళ్ళు తుడుస్తుంది.

దూది తెల్లగానే ఉంది!

ఇంకోసారి తుడుస్తుంది. తెల్లగానే.

"మేకపిల్ల కట్టేసినావా?" ఎలీషబా గొంతు సన్నగా.

"కట్టేసినా. పడుకో."

కట్టేయలేదు. అయినా ఆ అబద్ధానికి దావీదు ఒళ్ళంతా తేలికవుతుంది.  మొదటిసారి లెక్క కుదిరింది.

ఆమెకు కప్పడానికి దుప్పటి కావాలి. బొలెరోలో ఉంది.

బయట వాన ఆగింది. బండి తలుపు తీస్తాడు. లోపలి లైటు వెలుగుతుంది. దుప్పటి మీద మేకల కర్ర. కొసకు కట్టిన తుమ్మ రెమ్మ అలాగే ఉంది.

తీసి పారేయబోతాడు.

ఆగుతాడు.

రెండు ముళ్ళ మొనలకూ గోనె పీచు చుట్టుకుని ఉంది. లోతుగా దిగితేనే పట్టుకునే పీచు. ముళ్ళు తెల్లగా ఉన్నాయి. మొన నుంచి మొదలు దాకా తెల్లగా.

రక్తం లేదు.

చుక్క కూడా!

వానకు కడుక్కుపోయిందా? కర్ర బండి లోపలే ఉంది. తడవలేదు.

దావీదు మొనల మధ్య వేళ్ళు పెడతాడు. రెండు వేళ్ళ ఎడం.

కళ్ళు మూసుకుని గోపి చీలమండ మీద చుక్కలు గుర్తు తెచ్చుకుంటాడు. సంతలో వంద మేకల్లో ఒక మేక చెవి గాటు గుర్తుపెట్టుకునే కన్ను అది. ఆ చుక్కల మధ్య...

ఒక్క వేలు!

కర్ర మెత్తగా దిగింది. కాలిలోకి కాదు... గోతాల కుప్పలోకి. ఆ కుప్పలో పడుకున్నది లేచింది. ఎదురుగా ఏ కాలు ఉందో ఆ కాలిని...

బుస విన్నా అన్నా.

దావీదు గడియారం చూస్తాడు. వాడికి కాటు పడింది ఎనిమిది గంటలకు. ఇప్పుడు తొమ్మిదీ ముప్పై ఆరు. గంటన్నర దాటింది. తాళం తన జేబులో. వాడి ఫోన్ తన జేబులో. వాడికి ముల్లని చెప్పి వచ్చింది తనే!

లోపలికి పరుగెత్తుతాడు. బల్ల మీద పదకొండో సీసా. దాన్ని చూస్తూ ఒక్క క్షణం నిలబడతాడు. లెక్క ప్రకారం అది ఎలీషబాది.

"ఇది కలిపి పెట్టు పాపా. గోపిని తీసుకొస్తున్నా. వాడిని నిజంగానే కరిచింది."

"ఇది అత్త కోసం గదా మామా. పైగా ఒక్కటి ఏ మూలకు?"

దావీదు అప్పటికే బండి వైపు పరుగెడుతున్నాడు. 

*

క్వారీ దారి. తుమ్మ కొమ్మలు. అదే గుంట, అదే గలగల. జేబులో గోపి ఫోన్ మోగుతుంది. తీసి చూస్తే తెర మీద 'అమ్మ' అని వెలుగుతుంది. దావీదు ఎత్తలేడు. మోగి మోగి ఆగుతుంది. మళ్ళీ మోగుతుంది.

షెడ్డు.

తొందరలో తాళంచెవి జారుతుంది. బురదలో వెతుకుతాడు. దొరికింది. తాళం. తలుపు.

హెడ్‌లైట్ల వెలుగు లోపల పడుతుంది.

తలుపు వెనక భాగమంతా రక్తం అంటిన చేతుల గుర్తులు. కింద గోపి, దొంతరకు ఆనుకుని కూర్చున్నాడు. కాలు తొడ దాకా ఉబ్బి ప్యాంటు బిగుసుకుంది. చిట్లిన పెదవి... గంటన్నర కింద ఆగిపోయిన ఆ రక్తం... మళ్ళీ కారుతోంది. గడ్డం మీదుగా. చొక్కా మీదుగా. ఆగకుండా.

ఒళ్ళో అట్టపెట్టె. దాన్నిండా సీసాలు. మీద చక్కటి లేబుళ్ళు.

వెలుగుకు కళ్ళు చికిలించి, దావీదును గుర్తుపట్టి, గోపి నవ్వబోతాడు. పళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ముల్లన్నావు గదన్నా... మరి నోరంతా ఉప్పగా ఉందేంది?"